నాలుగంతస్తుల మాట

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం, “ఇప్పుడే వస్తా” అని వెళ్ళిన మనిషి మళ్ళీ రాడేమోనని.

ఆ మాట ఎవరి నోట విన్నా ఆమె కాళ్ళకింద కుట్టుమిషను ఆగిపోతుంది. సరుకుల బండి నడిపే మొగుడు పొద్దున్నే గడప దాటుతూ ఆ మాట అంటే, “ఎన్నింటికొస్తావో చెప్పి మరీ కదులు” అని చొక్కా పట్టుకుని ఆపుతుంది. “యుద్ధానికి పోతున్నానా ఏంటే!” అని అతను నవ్వుతాడు. ఆమెకు నవ్వు రాదు. ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి అలాగే చెప్పి వెళ్ళాడు. అడిగినప్పుడల్లా ఆయనకు అప్పు దొరికేది. కాదన్నవాడు ఒక్కడు ఉన్నా ఆ ఇల్లు నిలిచేదేమో. ఆయన వెళ్ళాక ఇచ్చినవాళ్ళంతా ఒక్కసారే గుమ్మంలోకి వచ్చారు. చిలక్కొయ్యకు తగిలించిన పుస్తకాల సంచీ తగిలించినట్టే ఉండిపోయింది, ఆమె వచ్చి మిషను ముందు కూర్చుంది.

ఆ రోజు పొద్దున కూడా మిషను ముందే ఉంది. పాత భవనం. మెట్లకింద, నిటారుగా నిలబడితే తల తగిలేంత జాగాలో ఆమె దుకాణం. ప్యాంట్ల పొడవు తగ్గించడం, నడుములు వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. “ఈ బిల్డింగులో ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కారో మొదట తెలిసేది నాకే” అంటుంటుంది. దుకాణానికి ఎదురుగా లిఫ్టు. చేత్తో లాగి మూసే ఇనప కటకటాల తలుపు, లోపల ఒక పిడి, పిడి పక్కన స్టూలు, స్టూలు మీద లిఫ్టు బాబాయ్, బాబాయ్ ఒళ్ళో ఆమె కూతురు. దానికి ఇంకా మూడేళ్ళు నిండలేదు.

“పైకి!” అంది పిల్ల.

“పైకి పోయేవాళ్ళెవరూ లేరు తల్లీ. ఖాళీగా తిప్పితే ఓనరు కరెంటు బిల్లు నీ చేతిలో పెడతాడు.”

“పైకి!”

“ఇదిగో, ఈ మొండితనమంతా మీ అమ్మదే,” అంటూ కటకటాలు లాగాడు. లిఫ్టు మూలుగుతూ లేచింది.

లిఫ్టు బాబాయ్ ఆమెకు రక్తసంబంధం కాదు. అలా పిలిచి పిలిచి బాబాయ్ అయిపోయాడు. బక్కపలచటి మనిషి. తలుపు లాగీ లాగీ కుడి అరచెయ్యి కాయకాచి గుర్రపు డెక్కలా ఉంటుంది. భార్య పోయాక డాబామీద లిఫ్టు మోటారు గది పక్కనున్న చిన్న గదిలోకి మారాడు. “మోటారు చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు అమ్మాయ్, ఎవరో అలిగి మాట్లాడ్డం మానేసినట్టుంటుంది” అనేవాడు. నీలం యూనిఫాం చొక్కాకు రెండో గుండీ ఊడిపోతే, చేతికి నీలంది దొరక్క ఆమె తెల్లది కుట్టింది. “తర్వాత మారుస్తాలే బాబాయ్” అంటే, “ఉండనీ. తప్పిపోతే గుర్తుపట్టడానికి పనికొస్తుంది” అన్నాడు. స్టూలు గట్టిగా ఉందని మూలిగితే ప్యాంట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలు కలిపి దానికొక దిండు కుట్టిచ్చింది. బూడిదరంగు, నలుపు, గోధుమరంగు గళ్ళ దిండు.

నాలుగో అంతస్తులో షేర్లు కొనిపెట్టే ఆఫీసు ఉంది. పెన్షనర్లు, కొట్లవాళ్ళు, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా వచ్చే ఆడవాళ్ళు, అందరూ ఆ లిఫ్టులోనే ఎక్కుతారు. బాబాయ్ షేర్ల చదువంతా వాళ్ళ మాటల్లోంచి ఏరుకున్నదే. కింద తలుపు మూయగానే ఆ చదువు మొదలవుతుంది. నాలుగో అంతస్తులో తలుపు తియ్యగానే అయిపోతుంది. మాట సగంలో ఉండగానే వాళ్ళు దిగిపోతారు, మిగతా సగం వాళ్ళ వెంటే పోతుంది. కిందికి వచ్చేదాకా ఆ మిగతా సగాన్ని ఆయనే అల్లుకుంటాడు. ఎప్పుడూ మంచిగానే అల్లుకుంటాడు.

లిఫ్టు దిగింది. పిల్లను తల్లికి అందిస్తూ బాబాయ్ గొంతు తగ్గించాడు.

“ఇవాళైనా తేల్చు అమ్మాయ్. నానబెడితే గింజలు మొలకెత్తుతాయిగాని డబ్బు మొలకెత్తదు.”

తేల్చాల్సింది కూతురి చదువు డబ్బు. గుండీ గుండీకీ కూడబెట్టింది. తనలా ఇది ఎనిమిదిలో ఆగిపోకూడదని మొగుడితో పందెం కట్టినట్టు పట్టుదలగా దాచింది. పాత పెద్ద బ్యాంకు షేరు కొనాలా, పక్కవీధిలో ఆకుపచ్చ బోర్డు పెట్టిన అప్పుల కంపెనీ షేరు కొనాలా అన్నది నెల్లాళ్ళుగా ఇద్దరిమధ్యా నలుగుతోంది.

“బ్యాంకే కొంటా బాబాయ్. పెద్దది కదా.”

“పెద్దదే. మా తాత కూడా పెద్దవాడే, పరిగెత్తమను చూద్దాం.”

“నీ ఆకుపచ్చ బోర్డు పరిగెత్తి పరిగెత్తి గోతిలో పడితే?”

“పడదు. బంగారు కళ్ళద్దాలాయన నోటితో విన్నా. లాభాలు రెట్టింపయ్యాయట.”

“ఇంకేమన్నాడు?”

“ఇంకేమంటాడు, నాలుగో అంతస్తు వచ్చింది, దిగిపోయాడు.” అని ఆగి, “నేను పెట్టా అమ్మాయ్. నన్ను చూసైనా నమ్ము,” అన్నాడు.

ఆయన్ని ఆమె నమ్ముతుంది. అదే భయంగా ఉంది.

కంపెనీల లెక్కలు చదవడం ఆమెకు రాదు. కానీ గుడ్డ కొనేముందు రెండు చేతులా లాగి చూడాలని తెలుసు. అప్పుల కంపెనీని లాగి చూడాలంటే వెళ్ళి అప్పు అడగడమే. ముఖాన తలుపేస్తే షేరు కొంటుంది, కుర్చీ వేస్తే కొనదు. ఈ సంగతి బాబాయ్‌కి చెప్పలేదు, చెబితే ఏడిపిస్తాడని. ఆయన “భోజనానికి పోయొస్తా” అని కదలబోతే, ఎన్నింటికొస్తాడో అడిగి పంపించి, పిల్లను చంకనేసుకుని బయల్దేరింది.

ఆకుపచ్చ బోర్డు ఆఫీసులో కొత్త రంగు వాసన. కౌంటరులో అమ్మాయి ఆమె నోరు తెరవకముందే కుర్చీ జరిపింది.

“కూర్చో అక్కా. ఎంత కావాలి?”

“ముందు... తాకట్టేం పెట్టాలి?”

“ఏమీ వద్దు. ఫోను ఉందిగా?”

“నాకు నెల జీతం లేదు.”

“ఎంతని రాయమంటావో చెప్పు, రాసేస్తా. పాపకు చాక్లెట్ ఇవ్వనా?”

తండ్రికి అప్పిచ్చినవాళ్ళు కూడా ఇలాగే తన చేతిలో ఏదో ఒకటి పెట్టేవాళ్ళు. చాక్లెట్ వైపు చాపిన పిల్ల చేతిని పట్టుకుని లేవబోతుంటే పక్క బెంచీ మీద నీలం చొక్కా కనిపించింది.

“తాతా!” అని పిల్ల అరిచింది. అమ్మకు బాబాయ్ అయితే దానికి తాత.

బాబాయ్ తలెత్తాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడికి కూడా ముఖం అలా పాలిపోదు. క్షణంలో సర్దుకుని నవ్వాడు.

“నువ్వూ వచ్చావా? నేనూ అదే అమ్మాయ్, కంపెనీ ఎలాంటిదో పరీక్ష చేద్దామని...”

కౌంటరు అమ్మాయి ఫక్కున నవ్వింది. “అవునక్కా, ఏడాదిగా పరీక్షిస్తూనే ఉన్నారు. తాతగారూ, ఈ వాయిదాకి కూడా రేపు అంటే మా సారు ఊరుకోడు. మీ ఓనరుకి ఫోన్ చేస్తానంటున్నాడు.”

ఆమె పిల్లనెత్తుకుని బయటికి నడిచింది. వీధిలోకి వచ్చాక కూడా ఎండ తగల్లేదు, మనుషులు తోసుకుపోతున్నా తెలియలేదు. పక్కన నడుస్తున్న బాబాయే ముందు మాట్లాడాడు.

“కొత్త లిఫ్టు పెడతారట. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయట. ఇక నేనెందుకు చెప్పు?”

“అందుకని అప్పు చేశావా?”

“తినడానికి చెయ్యలేదమ్మా. ఆ డబ్బుతో వాళ్ళ షేర్లే కొన్నా. వాళ్ళు పెరిగితే వాళ్ళ అప్పు వాళ్ళే తీర్చుకుంటారు, పైన మిగిలింది నాకు. బాగానే ఉంది కదా ఆలోచన?”

పిల్లలు బొమ్మ గీసి చూపించినట్టు అడిగాడు. ఆమెకు ఏడవాలో అరవాలో తెలియలేదు. “నాకే అప్పిస్తామన్నారు బాబాయ్! నాకు! జీతం లేదంటే రాసేస్తామన్నారు. అలాంటివాళ్ళకి ఎవరు తిరిగిస్తారు? ఇవాళే అమ్మెయ్.”

“ఇంకొక్క మెట్టు ఎక్కనీ. రేపు అమ్ముతా.”

“రేపు కాదు.”

“సరే, సాయంత్రం. నా ఒట్టు.”

సాయంత్రం దాకా ఆగే పని లేకపోయింది. టీ వేళకు ముందే, షేర్ల ఆఫీసు లావుపాటి గుమాస్తా కోటు వదులుచేసి, అది ఇవ్వడానికి పిల్లను పట్టుకుని నాలుగో అంతస్తుకు వెళ్ళింది ఆమె. ఎప్పుడూ సంతలా ఉండే హాలు నిశ్శబ్దంగా ఉంది. ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తేవాడు లేడు. కొట్టు నడిపే ఒకావిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నేలమీదే చతికిలబడింది. ధరలు చూపించే తెరమీద ఒకటే వరస ఎర్రగా కదలకుండా నిలబడిపోయింది. “ఆకుపచ్చ బోర్డోళ్ళు చేతులెత్తేశారు. వాళ్ళు తెచ్చుకున్న అప్పే కట్టలేకపోయారట. అమ్మేవాళ్ళేగాని కొనే నాథుడు లేడు,” అన్నాడు గుమాస్తా, కోటు చూడకుండానే.

ఆమె పరుగున లిఫ్టు దగ్గరకొచ్చింది. బాబాయ్ పిడి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చెప్పే అవసరం లేకపోయింది, ఎక్కేవాళ్ళ ముఖాలు చెబుతూనే ఉన్నాయి. ఆమె వెనకే బంగారు కళ్ళద్దాలాయన, ఆయన స్నేహితుడు ఎక్కారు. తలుపు పడింది.

“నేనేం చెప్పాను నీకు?” బంగారు కళ్ళద్దాలాయన స్నేహితుడి మీద విరుచుకుపడ్డాడు. “ఇదే లిఫ్టులో, నీ పక్కన నిలబడే చెప్పానా లేదా? లాభాలు రెట్టింపయ్యాయి, కానీ ఇచ్చిన అప్పుల్లో సగం తిరిగి రావు, దాని జోలికి పోకురా అని!”

లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది. రెండంతస్తుల మధ్య, కటకటాల అవతల ఉత్త ఇటుకగోడ. పిల్ల తల్లి మెడ కరుచుకుంది.

“ఏంటయ్యా, ఆపావేం?”

“‘కానీ’ అన్నారా సార్?”

“ఏంటి?”

“ఆ రోజు. ‘కానీ’ అన్నారా?”

“అన్నాను. అయితే?”

బాబాయ్ ఇటుకగోడ వైపే చూస్తున్నాడు. “వినబడలేదు సార్,” అన్నాడు మెల్లగా. “నాలుగో అంతస్తు వచ్చేసింది.”

ఆయనే మళ్ళీ పిడి తిప్పాడు. కింద తలుపు తీసి, ఎప్పటిలాగే పక్కకు ఒదిగి, అందర్నీ దిగనిచ్చాడు. ఆమె మాత్రం కదల్లేదు.

“నువ్వు పెట్టలేదుగా?” అని అడిగాడు.

“లేదు బాబాయ్.”

“హమ్మయ్య.” కాయకాచిన చేత్తో పిల్ల తల నిమిరాడు. “దీన్ని చదివించు.”

“ఆ అప్పు సంగతి మనమంతా కూర్చుని మాట్లాడుకుందాం. రాత్రికి మా ఆయనొస్తాడు. వింటున్నావా? మా ఇంటికి రా.”

“వస్తా. ఎందుకు రానూ?” స్టూలు మీది దిండు తీసి రెండుసార్లు దులిపి, మళ్ళీ సరిగ్గా సర్దిపెట్టాడు. అప్పుడే ఎవరో పెద్దమనిషి దుకాణం దగ్గర నిలబడి, “నా ప్యాంటు ఏదమ్మా?” అని కేకేశాడు. ఆమె లిఫ్టు దిగి అటు నడిచింది. ప్యాంటు వెతుకుతుంటే వెనకనుంచి వినిపించింది.

“టీ తాగి ఇప్పుడే వస్తా అమ్మాయ్.”

చేతిలో ప్యాంటు జారిపోయింది. “ఎన్నింటికొస్తావ్?” అని అరిచేసరికి ఆయన గుమ్మం దాటుతున్నాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఊపాడు, వినబడిందన్నట్టు.

ప్యాంటాయన్ని అక్కడే వదిలేసి ఆమె పిల్లతో వీధిలోకి ఉరికింది. టీకొట్టు కనుచూపు మేరలోనే ఉంది. “ఇటు రాలేదమ్మా,” అన్నాడు టీకొట్టాయన. ఈ చివర లేడు, ఆ చివర లేడు. రొప్పుతూ మెట్లెక్కి డాబామీదకు వెళ్ళింది. గది తలుపు ఓరగా ఉంది. పరుపు చుట్టి ఉంది, నేల ఊడ్చి ఉంది, తీగమీద ఉతికిన తువ్వాలు ఇంకా తడారలేదు. పక్కగదిలో మోటారు చప్పుడు లేదు. ఎవరో అలిగి మాట్లాడ్డం మానేసినట్టుంది.

కింద ఏదో అంతస్తులో గంట మోగింది. మళ్ళీ మోగింది. ఎవరో లిఫ్టు కోసం కటకటాలు దబదబా కొడుతున్నారు.

“తాతేడీ?” అంది పిల్ల.

ఆ రాత్రినుంచి ఆమె మొగుడు బండేసుకుని తిరగని వీధి లేదు. ఆస్పత్రులు చూశారు, బస్సులు ఆగేచోట అడిగారు. ఎక్కడా చెడ్డవార్త లేదు, మంచివార్తా లేదు. కొత్త లిఫ్టు ఇంకా రాలేదు. ఎక్కేవాళ్ళే తలుపు లాక్కుంటున్నారు, పిడి తిప్పుకుంటున్నారు, నిలబడే పోతున్నారు.

మీరుండే చోట ఏ టీకొట్టు బల్లమీదైనా, ఏ పాత భవనం మెట్లమీదైనా, నీలం చొక్కాకు రెండో గుండీ తెల్లగా ఉన్న పెద్దాయన కనిపిస్తే, కాస్త ఆగి పలకరించండి. డబ్బు సంగతి ఎత్తకండి. భోజనం చేశాడో లేదో కనుక్కోండి. ఆ తర్వాత మాట సగంలో వదిలెయ్యకుండా చివరిదాకా చెప్పండి, పిల్ల రోజూ “పైకి” అంటోందని, లిఫ్టులో ఆ స్టూలు, దానిమీద గళ్ళ దిండు, ఆయన సర్దిపెట్టినట్టే ఉన్నాయని.