గీత మీద తొమ్మిది గంటలు

ఆ అమ్మాయి ఆఫీసులో చేసే పని గురించి చెప్పాలంటే ముక్కు మూసుకునే చెప్పాలి. రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తారు. పటం మీద వాటి మధ్య గీత గీసి, వచ్చిన కిలోమీటర్లను విమానం గంటకు పోయే ఎనిమిది వందల యాభైతో భాగించి, అరగంట కలిపి, ఇదీ ప్రయాణ సమయం అని ఇంటర్నెట్‌లో పేజీ పెట్టాలి. ఆ దారిలో అసలు విమానం తిరుగుతుందా అన్నది ఎవడికీ పట్టదు. రోజుకు ఇరవై పేజీలు. ఊళ్లు మారతాయి గానీ సోది మారదు.

ఆమె మేనమామ రంగు చేపలు పెంచుతాడు. పన్నెండేళ్లు కళ్లలో వత్తులు వేసుకుని సాధించిన నీలి తోక జాతి అతనిది. సముద్రాల అవతల ఒకాయన తల్లి చేపలే కావాలన్నాడు. విమానం ఏర్పాట్లన్నీ ఆయనవే. మామ చేయాల్సిందల్లా సంచుల్లో నీళ్లు, ఆక్సిజన్ నింపి చేపల్ని కట్టడం. సగం రోజులోపు ప్రయాణమైతే సంచికి పది, అంతకు మించితే ఆక్సిజన్ చాలదు, రెండే.

"అమ్మడూ, అక్కడికి ఎన్ని గంటలో కాస్త చూసి చెప్పవే. విమానాల సంగతి నీకు కొట్టిన పిండి కదా," అని ఫోన్ చేశాడు.

ఆమె వెతికింది. అన్నిటికన్నా పైన వచ్చిన పేజీలో అంకె మాత్రం చూసి, "తొమ్మిది గంటల పది నిమిషాలు మామయ్యా," అంది. మామ సంచికి పదేసి కట్టాడు. ఇంట్లో మిగిలినవి తోక సరిగా రానివే.

మూడో రోజు కొన్నాయన వీడియో పంపాడు. రెండు చోట్ల విమానం మారి ముప్పై ఒక్క గంటలు పట్టిందట. సంచి కోయగానే కుడితిలాంటి నీళ్లు, ఉబ్బిన తెల్లటి పొట్టలు, ఊడిన నీలి తోకలు. కోసినవాడు మొహం తిప్పుకున్నాడు. వీడియోకి వాసన ఉండదు గానీ, మామ పంపగా చూసిన మేనకోడలు ముక్కు మూసుకుంది.

ఏ తలమాసినవాడు రాశాడో చూద్దామని ఆ పేజీ మళ్లీ తెరిచింది. 'కిటికీ పక్క సీటు దొరికితే మబ్బులతో ముచ్చట్లే!' అని ఉంది చివర. ఆ వెకిలి వాక్యం తనదే. ఒకసారి పైఅధికారి మెచ్చుకున్నాడని పేజీ పేజీకీ పూసింది. ఒళ్లంతా జిగురు అంటుకున్నట్టు తన మీద తనకే రోత పుట్టింది.

పేజీ తీసేయమని అడిగితే పైఅధికారి పళ్లలో ఇరుక్కున్నదాన్ని గోటితో లాగుతూ, "పిచ్చా నీకు? అందరికన్నా పైన వస్తోందది," అన్నాడు.

సాయంత్రం మామే ఫోన్ చేశాడు.

"ఏడవకే. నువ్వేం చేస్తావు? ఎవడో చదువుకున్న వెధవ రాశాడు, నువ్వు నమ్మావు."

"ఆ వెధవను నేనే మామయ్యా."

అవతల తొట్టెలో గాలి బుడగల చప్పుడు వినిపిస్తోంది. తల్లి చేపల తొట్టె ఖాళీ అయినా మోటారు ఆపినట్టు లేడు.

"అలాంటివి ఇంకెన్ని రాశావు?" అన్నాడు. ఈసారి అమ్మడూ అనలేదు.

"నాలుగు వేల పైనే."

"వాటిని నమ్మి ఇంకెవరు ఏ ప్రాణాల్ని సంచిలో కట్టుకుంటున్నారో," అని ఫోన్ పెట్టేశాడు.