నా టూల్‌ని పిలవదేం?

నాకు ప్రవల్లిక అంటే ఒళ్లుమంట. దాచుకోవడం దేనికి? చోడవరం మెయిన్ రోడ్డు మీద, ఎరువుల కొట్టు పై అంతస్తులో ఉన్న మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ పిల్ల మొన్న జూన్‌లో దేవరాపల్లి నుంచి వచ్చింది. వచ్చీ రాగానే అందరి నోటా దాని పేరే.

మేం చెరుకు రైతుల కోసం ఒక యాప్ నడుపుతాం. చెరుకు కొట్టే తేదీ, లారీ వచ్చే తేదీ అందులోనే ఖాయమవుతాయి. ఈ ఏడు దానికో ఏజెంటును తగిలించాం. రైతు ఫోన్‌లో మామూలు మాటల్లో అడిగితే ఆ ప్రోగ్రామే పని చేసిపెడుతుంది. అందుకు దాని చేతికి టూల్స్, అంటే ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు, ఇస్తాం. టూల్ పేరు చివర రాసినవాళ్ల పేరు తగిలించడం మా ఆఫీసు అలవాటు. "చూడు_ప్రవల్లిక" తేదీనీ లారీనీ చూసి చెబుతుంది. "మార్చు_సంధ్య" తేదీ మారుస్తుంది. సంధ్య అంటే నేనే. ఏ టూల్ ఎందుకో పక్కన వివరం రాయాలి. ఏజెంటు మన కోడ్ జోలికి పోదు, పేరూ ఆ వివరమూ చదివే ఏది వాడాలో తేల్చుకుంటుంది.

నా కోడ్ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పక్కన "తేదీల పని" అని రాసి ఊరుకున్నాను. ప్రవల్లికేమో చంటిపిల్లకు చెప్పినట్టు పేరాకు పేరా రాసింది. తీరా చూస్తే ఏజెంటు రోజంతా ప్రవల్లిక టూల్‌నే పిలుస్తుంది. రైతు తేదీ మార్చమన్నా అదే పట్టుకుని వేలాడుతుంది తప్ప నా వైపు రాదు. ఏ టూల్‌ని పిలిస్తే ఆ పేరు మా స్క్రీన్ మీద పడుతుంది. వరసగా ప్రవల్లిక పేరే.

పైగా మా ఓనర్ హరిబాబు గారు ఓ మాటన్నారు. "మీ ఇద్దర్లో ఎవరి టూల్ బాగా పనిచేస్తే వాళ్లే సోమవారం నుంచి ప్రాజెక్ట్ లీడ్." ఆరేళ్లుగా నేను కళ్లల్లో వత్తులేసుకుని ఎదురుచూస్తున్న కుర్చీ అది.

"అక్కా, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో కూడా రాసీండి. అప్పుడు మీదీ పిలుస్తాది," అంది ప్రవల్లిక, టీ గ్లాసు నా ముందు పెడుతూ.

"నువ్వు నాకు నేర్పుతావేటే?" అన్నాను. టీ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే పాత వివరం చెరిపేసి, "తేదీ గురించి రైతు ఏం అడిగినా ఇదే వాడాలి. ఇంకే టూల్ అక్కర్లేదు" అని రాశాను. అబ్బ, ఎంత హాయి! మర్నాడు స్క్రీన్ నిండా నా పేరే. ప్రవల్లిక వైపు చూసి మరీ నవ్వాను.

ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. చీడికాడ నుంచి మా పెదనాన్న పెదబాబు ఫోన్ చేశాడు.

"ఏటే గుంటా, మీ యాప్‌కి మతి పోయిందేటి? రేపు కటింగు పెట్టుకోవచ్చా అని నిన్న అడిగేను. పెట్టీసేను అంది. మనుసుల్ని పిలిసి కొట్టించీసేను. లారీ ఏదే?"

లారీ గురువారానికి గానీ రాదు. ఆయన ఉత్తినే అడిగాడు. నా టూల్‌కి చూడడం రాదు, మార్చడమే వచ్చు. లారీ సంగతి చూడకుండా మార్చేసింది. మరి ఇంకే టూల్ అక్కర్లేదన్నది ఎవరు?

"కొట్టిన సెరుకు సేలోనే ఎండిపోతంది. తూకం పోతాదే తల్లీ," అన్నాడు. ఆయన నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

పక్కనుంచి మా మాటలు విన్న ప్రవల్లిక అప్పటికే లారీలవాళ్లకు ఫోన్లు కలిపేస్తోంది. పొద్దుగూకేలోగా ఒక లారీని చీడికాడ పంపించింది కూడా. నాకు కృతజ్ఞత కలిగిందా? లేదు, ఇంకా మండింది.

"సంధ్యా, ఆ రాత ఇప్పుడే సరిచెయ్యమ్మా. నేను సూస్తన్నాను," అంటూ హరిబాబు గారు నా వెనకే నిలబడ్డారు.

"రైతు తేదీ మార్చమని స్పష్టంగా చెబితేనే ఇది వాడాలి. ఊరికే అడిగితే వాడకూడదు. మార్చే ముందు" అని కొట్టాక నా వేళ్లు ఆగిపోయాయి. మార్చే ముందు లారీ ఉందో లేదో చూడాలి. చూసే టూల్ ఒక్కటే ఉంది. పళ్లు కొరుక్కుంటూ పూర్తిచేశాను: "ప్రతిసారీ చూడు_ప్రవల్లికను పిలవాలి."

హరిబాబు గారే పరీక్ష పెట్టారు. కటింగు సోమవారానికి మార్చమని అడిగారు. స్క్రీన్ మీద ముందు ప్రవల్లిక పేరు పడింది. లారీ ఉందని తేలాక నా పేరు పడింది. తేదీ చక్కగా మారింది.

"ఇప్పుడు బాగుంది," అని ఆయన ప్రవల్లిక కుర్చీ వైపు నడిచారు.

సోమవారం నుంచి ఆ పిల్లే లీడ్. నా టూల్ ఇప్పుడు తప్పు చెయ్యడం లేదు. కానీ అది కదిలే ప్రతిసారీ ముందు ప్రవల్లిక పేరే పడుతుంది. అలా పడాలని రాసింది నేనే.