చదవకుండా పడిన ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. పిడి కర్రది, మూతి రబ్బరుది, నోటికి వచ్చేది ఒక్కటే మాట: గుడ్. దాని చుట్టూ గుండ్రటి గీత, కింద చిన్న నక్షత్రం. అంతకు మించి నాకు చదువు రాదు. అయినా కొన్నేళ్ళపాటు ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చదువును నిలబెట్టింది నేనే. నమ్మకం లేకపోతే ఆ బడి పిల్లల పుస్తకాలు తిరగేసి చూడండి. ప్రతి పేజీ అడుగున నేనుంటాను. మాస్టారు కనబడడు.

నేను పుట్టింది గుంటూరులో, రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఉన్న ఇరుకు కొట్లో. అదే రబ్బరు ముక్కలోంచి నాతోపాటు ఇంకొందరు పుట్టారు. ఒకడి మూతి మీద 'తిరస్కరించడమైనది' అని చెక్కారు. వాడు ఏదో ఆఫీసులో కుదిరి బాగా పైకొచ్చాడని విన్నాను. ఇంకొకడు 'మంజూరైనది'. వాడికి పని తక్కువట, ఎప్పుడూ సొరుగులో పడుకునే ఉంటాడట. నాది మెత్తని మాట కాబట్టి నాకు బడి రాసిపెట్టి ఉంది.

నన్ను కొన్నది పరంజ్యోతి మాస్టారు. ఇంగ్లీషు పాఠాలు చెప్తాడు. చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. పుస్తకాలు దిద్దీ దిద్దీ ఆయన కుడి భుజం పట్టేసింది. దానికి తోడు ఓటర్ల జాబితా సరిచూడటం, భోజనాల బియ్యం బస్తాలకు కాపలా కాయడం, మరుగుదొడ్లకు ఫొటోలు తీసి పైవాళ్ళకు పంపడం, ఇవన్నీ ఆయన ఉద్యోగంలో భాగాలే. ఇవి పోను మిగిలిన సమయంలో పాఠం చెప్పాలి. పాఠం పోను మిగిలిన సమయంలో దిద్దాలి. అలాంటి సమయం ఏదీ మిగలకపోవడం వల్లనే నేను పుట్టాను.

ఆయన పాఠం చెప్పే పద్ధతి చూసి తీరాలి. ముందు ఆయన చదువుతాడు. తర్వాత గొంతు బాగున్న పిల్ల ఎవరైనా లేచి చదువుతుంది. ఆ తర్వాత గైడు తీసి జవాబులు బోర్డు మీద ఎక్కిస్తాడు, పిల్లలు దించుకుంటారు. హోంవర్కు ఏమిటంటే, బళ్ళో దించుకున్నదాన్ని ఇంటికి వెళ్ళి మరో పుస్తకంలోకి దించడం. మర్నాడు దాని కింద నేను పడతాను. ఇన్ని చేతులు మారినా ఆ జవాబు అర్థం ఏ ఒక్కరి బుర్రనూ ఇబ్బంది పెట్టేది కాదు. అంత శుభ్రమైన పద్ధతి.

ఒకసారి 'మా అమ్మ' అని వ్యాసం ఇచ్చారు. గైడులో ఉన్న అమ్మ బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. తెల్లారకముందే లేచి యోగాసనాలు వేస్తుంది. సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోస్తూ పిల్లలకు నీతికథలు చెప్తుంది. మర్నాడు తొమ్మిదో తరగతి మొత్తానికీ అమ్మలు బ్యాంకుల్లో చేరిపోయారు. అంతమందికి కుర్చీలు వెయ్యాలంటే ఊళ్ళో ఉన్న బ్యాంకులు చాలవు. నాకేం, అందరి కిందా గుడ్ అన్నాను.

కొంతకాలానికి నన్ను ఎత్తి వెయ్యడం కూడా మాస్టారి భుజానికి బరువైంది. అప్పుడు నేను క్లాసు లీడరు చేతిలోకి వచ్చాను. ఆ పిల్ల పేరు దీక్షిత. చక్కగా, వంకర లేకుండా వేసేది. తన పుస్తకానికి కూడా తనే వేసుకునేది. అందులో దాపరికం లేదు, సారు వెయ్యమన్నది అందరికీ కదా.

ఇక దీక్షిత తల్లి సంగతి చెప్పాలి. ఆమె పేరు మల్లేశ్వరి. మిరపకాయల గోడౌన్లో ముచ్చికలు తీసే పని, పొద్దుట కూర్చుంటే సాయంత్రం దాకా కాయ నుంచి తొడిమ విడదీయడమే. ఏడో తరగతి దాకా తెలుగులో చదివింది. మొగుడు లారీ మీద తిరుగుతూ నెలకోసారి ఇంటికి వస్తాడు. ఫోను మోగితే లారీకి ఏదో అయిందని, మోగకపోతే ఫోను చెయ్యలేనంత అయిందని అనుకునే మనిషి ఆమె. రోజూ పని నుంచి రాగానే మోచేత్తో తలుపు తోసుకుని వచ్చి, చేతులు కడుక్కుని, కూతురి పుస్తకం తీయించి నన్ను వెతుక్కునేది. పుస్తకంలో పడిన అచ్చు కూడా నేనే కదా, అక్కడి మాటలన్నీ నాకు వినబడతాయి.

"ఏందే, ఇవాళ పల్చగా పడింది? సారుకి నీ మీద కోపమొచ్చిందా?"

"సిరా అయిపోయిందమ్మా."

"నీ దగ్గరకొచ్చేసరికే అయిపోయిందా? నిన్న బాగానే పడిందిగా."

ఒకరోజు కాస్త పక్కకు ఒరిగి పడ్డాను. ఆ రోజు ఆమె అన్నం సరిగ్గా తినలేదు. పిల్లను వెనక బెంచీకి మార్చి ఉంటారని, అక్కణ్ణుంచి తరగతి తప్పిస్తారని, తప్పితే చదువు మాన్పించి గోడౌన్లో తన పక్కన కూర్చోబెట్టాల్సి వస్తుందని ఒక ముద్ద కలిపే లోపల అంత దూరం వెళ్ళిపోయింది. ఒక రబ్బరు ముక్క ఒరిగితే ఒక ఇల్లు ఒరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ గొప్పతనానికి కాసేపు పొంగిపోయాను కూడా.

అలా ఉండగా బళ్ళో ఆటల పోటీలు వచ్చాయి. ముద్ర వెయ్యాల్సిన పుస్తకాలు మిగిలిపోయాయి. "ఇంటికి పట్టకపోయి వేసుకురామ్మా," అన్నాడు మాస్టారు. పుస్తకాలతోపాటు నేనూ, నా సిరా డబ్బా దీక్షిత సంచిలో ఎక్కి ఆ ఇంటికి వెళ్ళాం. ఆ రోజు మల్లేశ్వరి తనే సంచి తెరిచింది. చేతికి నేను తగిలాను.

నన్ను తిప్పి చూసింది. అక్షరాలు తిరగబడి ఉన్నా నక్షత్రాన్ని గుర్తుపట్టింది.

"ఎక్కడిదే ఇది? సారుకి తెలియకుండా తెచ్చావా?"

"సారే ఇచ్చాడు."

"అబద్ధాలాడమాక. ఇట్టాంటిది ఎవరన్నా పిల్లల చేతికిస్తారా? గవర్నమెంటు ముద్ర ఇది. పోలీసులొస్తారు తెలుసా?"

"నిజంగానే అమ్మా. రోజూ నేనేగా వేసేది."

మల్లేశ్వరి చాప మీద కూలబడింది. పోలీసుల భయం పోయి ఇంకో భయం వచ్చింది. ఆమె దగ్గర భయాలకు కరువు లేదు, ఒకటి లేస్తే ఇంకొకటి ఆ పీట మీద కూర్చుంటుంది. కానీ ఈసారి వచ్చినది మాత్రం నిజమైన భయమే.

"అయితే ఇన్నాళ్ళూ నేను చూసిన గుడ్డులన్నీ నువ్వేసుకున్నవేనా?"

"అందరికీ నేనే వేశాను."

"మరి నువ్వు రాసింది సారు చదవలా?"

దీక్షిత సిరా డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది.

"ఎవరూ చదవలా?"

"గైడులోదే కదమ్మా, చదవడానికి ఏముంటది," అంది దీక్షిత.

"ఏం రాశావో నాకు చెప్పు. తెలుగులో చెప్పు."

దీక్షిత పుస్తకం తీసింది. చేతికి వచ్చిన పేజీ 'మా అమ్మ'. మల్లేశ్వరి అంతా విన్నది. యోగాసనాల దగ్గర మొహం చిట్లించింది. బ్యాంకు దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"ఏ బ్యాంకే?"

"గైడులో బ్యాంకు పేరు లేదు."

"నేను బ్యాంకులో చేస్తన్నానని రాసి, దాని కింద గవర్నమెంటు ముద్ర కొట్టావా?"

"హోంవర్కమ్మా అది."

"ముద్ర పడితే ఏదైనా కాయితమే. రేపు సర్వేకొచ్చినోళ్ళు చూస్తే తెల్లకార్డు ఉంటదా మనకి? ఉద్యోగస్తులకి కార్డేందని పీకేస్తారు. బియ్యం పోతాయి. నాన్నకి రేపేదన్నా ఆపరేషనంటే ఆ కార్డే దిక్కు. నువ్వే, నీ చేత్తో."

దీక్షిత నవ్వాపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకోబోయింది, అది వేసుకోలేదని గుర్తొచ్చి పుస్తకం అడ్డం పెట్టుకుంది. మీరూ నవ్వండి. కానీ కాయితంలో చిన్న తేడాకి పింఛనో కార్డో పోగొట్టుకున్న మనుషులు ఆ వీధిలోనే ఉన్నారు. వాళ్ళ కాయితాల మీద కొట్టినవి కూడా నా అన్నదమ్ములే.

"ఈ పేజీ కొట్టెయ్. ఉన్నది ఉన్నట్టు రాయి."

"ఉన్నది గైడులో లేదుగా. ఇంగ్లీషులో ఎట్టా రాయాలి?"

"వచ్చినట్టు రాయి."

ఆ సాయంత్రం దీక్షిత మొదటిసారి దేన్నీ చూడకుండా ఇంగ్లీషు రాసింది. కలం కొరికింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. సగంలో విసుక్కుని పుస్తకం మూసేసింది, కాసేపటికి తనే తెరిచింది. అన్నాళ్ళుగా నేను ఆమెకు అన్నిసార్లు గుడ్ అన్నాను, ఆమెకు వచ్చిన మాటలు ఎన్ని తక్కువో ఆ పూటే చూశాను.

మర్నాడు మల్లేశ్వరి పని మానుకుని బడికి వచ్చింది. పనికి పోకపోతే కూలి రాదని తెలిసే వచ్చింది. నన్ను చేతిరుమాల్లో మూటకట్టి తెచ్చి, టీచర్ల గదిలో పరంజ్యోతి మాస్టారి బల్ల మీద పెట్టింది.

"అయ్యా, ఇది మా పిల్ల సంచిలోకొచ్చింది. మీరే ఇచ్చారంట, నేను నమ్మలా."

మిగతా టీచర్లు పేపరు ఎత్తి మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళ సొరుగుల్లో నా చుట్టాలున్నారని నాకు తెలుసు.

"నేనే ఇచ్చానమ్మా. పర్లేదు," అన్నాడు మాస్టారు.

"పర్లేదంటే ఎట్టా అయ్యా. బ్యాంకు కాయితం కొట్టేశాం. ఇదిగో అసలుది. ఇది చదివి మీ చేత్తో ముద్రెయ్యండి."

"అట్టాగే, అక్కడ పెట్టి వెళ్ళు తల్లీ."

"నేనుండగానే చదవండయ్యా."

తప్పించుకునే దారి లేక ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆమె గుమ్మం పక్కన నిలబడి ఆయన మొహం వైపే చూస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు కాని, మొహాలు బాగా చదువుతుంది. ఆయన నుదురు ముడిపడింది. ఎర్రకలం తీశాడు. ఒకచోట గీశాడు, ఇంకోచోట గీశాడు. చూస్తుండగానే పేజీ మొత్తం మిరపకాయలు ఆరబోసినట్టయింది.

"తప్పులా అయ్యా?"

"తప్పులేనమ్మా. చాలా."

"అయితే కార్డు పోద్దా?"

"ఏ కార్డమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన నవ్వలేదు. హోంవర్కు చూసి ఎవరూ కార్డు తీసెయ్యరని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత, అడగకుండానే, ఆ పేజీని పైకి తెలుగులో చదివాడు. టీచర్ల పేపర్లు కిందికి దిగాయి.

"మా అమ్మ మిరపకాయల ముచ్చికలు తీస్తుంది. ఆమె వేళ్ళు ఎప్పుడూ మండుతాయి. అందుకని ఇంటికొచ్చాక నన్ను ముట్టుకోదు. నాకు జడ ఆదివారమే వేస్తుంది. మా అమ్మకు అన్నిటికీ భయం. నాకు పరీక్ష అయితే ఆమెకు జ్వరం వస్తుంది. ఆమెకు జ్వరం రాకూడదని నేను చదువుతాను."

మల్లేశ్వరి చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. ఆ పనిచేసే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోరు.

"ముద్రెయ్యండయ్యా," అంది.

"దీనికెందుకమ్మా? చదివానుగా."

"చదివారని ఎట్టా తెలుస్తది?"

"ఈ ఎర్రగీతలే సాక్ష్యం," అన్నాడు. ముద్ర మాత్రం వెయ్యలేదు. ఆమె అపనమ్మకంగానే వెళ్ళింది.

ఆ తర్వాత మాస్టారు మారిపోయాడని చెప్తే వినడానికి బాగుంటుంది. కొన్నాళ్ళు మారాడు. గైడు మూసేసి పిల్లల చేత రాయించాడు, రోజుకు కొన్ని చొప్పున చదివాడు. దాంతో క్లాసులో కొత్త అమ్మలు తేలారు. ఒకామె పాచిపని చేస్తుంది, ఒకామె ఇల్లు వదిలి వెళ్ళిపోయింది, ఒకామె బడిముందే జామకాయలు అమ్ముతోంది. ఒకమ్మాయి అమ్మ మాత్రం నిజంగానే బ్యాంకులో చేస్తుంది. ఆ పిల్ల చెప్తే ఎవరూ నమ్మలేదు.

దసరా సెలవులయ్యాక ఓటర్ల జాబితా మళ్ళీ వచ్చింది, భుజం నొప్పి మళ్ళీ వచ్చింది. ఆయన చెయ్యి సొరుగులోకి పాకి నన్ను పట్టుకుంది. మర్నాడు గేటు దగ్గర మల్లేశ్వరి ప్రత్యక్షం.

"అయ్యా, నిన్న పిల్ల పుస్తకంలో ముద్ర పడింది. చదవలేదా?"

ఒకప్పుడు నేను కాస్త ఒరిగితే అన్నం మానేసిన మనిషి ఇప్పుడు నేను నిటారుగా పడ్డానని పరుగెత్తుకొచ్చింది. నా బతుక్కి అంతకన్నా అవమానం ఇంకేముంటుంది. మాస్టారు లోపలికి వెళ్ళి నన్ను తెచ్చాడు.

"దీన్ని నువ్వే ఉంచుకో తల్లీ. నా దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు."

సిరా డబ్బాను ఆఫీసు గుమస్తా అట్టే పెట్టుకున్నాడు. నేనొక్కణ్ణే వచ్చాను.

ఇప్పుడు నేనుంటున్నది ఆమె రేకుపెట్టెలో, తెల్లకార్డు పక్కన. మంచి చోటే. కార్డు ఉందో పోయిందో అని ఆమె తరచూ పెట్టె తెరుస్తుంది కాబట్టి గాలీ వెలుతురూ బాగా తగులుతాయి. మాస్టారు భుజం మూలుగుతూనే చదువుతున్నాడని, రోజూ కాకపోయినా చదువుతున్నాడని దీక్షిత చెప్తుంటే విన్నాను. గేటు దగ్గర ఎవరు నిలబడి ఉంటారోనని ఆయనకూ ఇప్పుడు భయం పట్టుకుంది. ఆ ఇంట్లో మిగిలిన భయాల్లో కొంత ఆయనకు అంటినట్టుంది.

మొన్న ఆదివారం, కూతురికి జడ వేసి, చేతులు తుడుచుకుని మల్లేశ్వరి పెట్టె తీసింది. పుస్తకంలోంచి చింపి దాచిన ఆ ఎర్రగీతల కాయితం కూడా అందులోనే ఉంది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టి ఒక్కో మాట మీద వేలు పెట్టి, ఇదేంటి, ఇదేంటి అని అర్థం అడిగింది. జ్వరం దగ్గర వేలు ఆగింది. చివరి మాట దాకా వెళ్ళాక నన్ను తీసి, కాయితం అడుగున పెట్టి, బలమంతా వేసి నొక్కింది.

ఎత్తి చూస్తే అక్కడ ఏమీ లేదు. ఇన్నేళ్ళలో కాయితం చదివాక నన్ను వేసింది ఆ ఒక్కసారే. నా దగ్గర సిరా లేదు.