సైలస్ బ్రాంట్లీ చివరి పదేళ్లు

సైలస్ బ్రాంట్లీ అమెరికాలో, వెర్మాంట్‌లో పుట్టాడు. లాయరయ్యాడు, రెండుసార్లు శాసనసభకు గెలిచాడు, 1868లో మూడోసారి చిత్తుగా ఓడాడు. పుస్తకాల్లో అంతవరకే ఉంది. ఆ తర్వాత పదేళ్లు బతికాడు గానీ, ఓడినవాడి ఊసు ఎవరిక్కావాలి? ఆ పదేళ్లూ రాసింది ఆర్మూరు పిల్ల ధాత్రి.

కేంబ్రిడ్జ్‌లో కాలేజీలో చేరిన మొదటి సెమిస్టరులో ఆ మహానుభావుడి జీవితం ఆమెకు అసైన్‌మెంటుగా పడింది. పగలు క్లాసులు, సాయంత్రం వేర్‌హౌస్‌లో డబ్బాలు. ఆరు పేజీలు కావాలి, నాలుగే తేలాయి. మిగతా రెండింటికీ సర్పంచి ఎన్నికల్లో ఓడిన తన తాతను తెచ్చి కూర్చోబెట్టింది. ఇంకేం, సైలస్ రోజూ పొద్దున్నే అరుగు మీద చాప పరుచుకుని, తనకు ఓటెయ్యని వాళ్లకే ఊరికే అర్జీలు రాసిపెట్టేవాడు. పక్కనే పసుపు ఆరబోసుకునేవాడు. అంత మంచు కురిసే చోట పసుపేమిటన్న ధ్యాస ఆమెకు రాలేదు, దిద్దిన మాస్టారికీ రాలేదు. మంచి మార్కులే పడ్డాయి.

అక్కడితో పోయేది. కానీ అక్కడి తెలుగు పిల్లలకు 'అన్నదానం' అని ఒక డ్రైవ్ ఫోల్డరుంది. సీనియర్లు రాసినవన్నీ అందులో వడ్డించాలి, జూనియర్లు ఆరగించాలి. ధాత్రీ వడ్డించింది. ఏడాది తిరిగాక, 2023లో, ధాత్రి అద్దెకున్న ఇంటి బేస్‌మెంట్‌లో ఉండే భీమవరం కుర్రాడు ప్రజ్వల్ పైన పేరొక్కటి మార్చి దాన్నే ఇచ్చేశాడు. ఈసారి దిద్దింది కొత్త ప్రొఫెసరమ్మ. ఆవిడ పసుపు దగ్గర ఆగింది. వచ్చి మాట్లాడమని ప్రజ్వల్‌కు కబురు పెట్టింది.

కాపీ అని తేలితే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ కాలేజీ పోతుంది. కాలేజీ పోతే స్టడీ పర్మిట్ పోతుంది, దేశం వదిలి పోవాలి. ధాత్రికి చదువు ఇంకో నెలే ఉంది. నా పేరు చెప్పకని ప్రజ్వల్‌ను అడగడానికి నోరు రాలేదు. వెళ్లి నేనే రాశానని ఒప్పుకోవడానికి కాళ్లు రాలేదు. తన పిరికితనాన్ని తానే తిట్టుకుంటూ వంటింట్లో కూర్చుంది.

మధ్యాహ్నం ప్రజ్వల్ వచ్చాడు. "గట్టెక్కేశామక్కా!"

"ఏమన్నరు?"

"ఈ పసుపు ముసలాయన ఎవరని అడిగిందావిడ. మా తాతండీ, పేజీలు చాలక కలిపేశానన్నాను. కల్పించినందుకు సున్నా వేసి, మళ్లీ రాసుకు రమ్మంది. కాపీ ఊసే రాలేదు."

ధాత్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "కూసో, అన్నం తిను ముందు" అంటూ కంచం పెట్టింది.

"ఆవిడకి తెగ నచ్చేశాడక్కా. ఓడగొట్టినోళ్లకే అర్జీలు రాయడమేంటని రెండుసార్లడిగింది. పేరేంటని అడిగి రాసుకుంది కూడా."

"ఏం పేరు చెప్పినవ్?"

"మా తాతదే. త్యాగరాజు. ఇంకేం చెప్పను?" అని ప్రజ్వల్ పప్పు కలుపుకున్నాడు.

తాత పోయి మూడేళ్లయింది. ఊళ్లోనే ఆయన్ను తలిచేవాళ్లు తక్కువ. ఇంత దూరాన ఒక్క మనిషి ఆయన గురించి అడిగితే, అక్కడ వేరే పేరు పడింది. తను నోరు మూసుకుని కూర్చున్నందుకే పడింది. ధాత్రికి ఏడుపు ఆగలేదు.

"కొమరయ్య" అంది.

"ఎవరక్కా?"

"మా తాత. గడ్డం కొమరయ్య. నువ్వన్నా యాదుంచుకో."