నది అవతలి తల్లి

బ్లూమ్‌ఫాంటీన్ కోర్టు వరండాలో మాకాట్లెహో తన ఉన్ని దుప్పటిని భుజాల మీదికి లాక్కుని కూర్చుంది. గనిలో చనిపోయిన ఆమె కొడుకు కాట్లెహో, వెల్కమ్ అనే గనుల ఊళ్లో ఆసుపత్రి మార్చురీలో ఉన్నాడు. అతణ్ణి సరిహద్దు నది దాటించి, లెసోతోలో తండ్రి సమాధి పక్కన పడుకోబెట్టాలని ఆమె కోరిక. పిల్లలు వెళ్లి చూసుకునేలా వెల్కమ్‌లోనే ఉండాలని కోడలు లినేయో పట్టు.

గని ఉద్యోగం కోసం కాట్లెహో ఈ దేశంలోనే పుట్టినట్టు కాగితాలు తీసుకున్నాడు. ఊళ్లో సగంమంది చేసిన పనే. ఆ కాగితాల్లో తల్లి, ఇక్కడ కాపురముంటున్న పిన్ని పులెంగ్. సరేనన్నది మాకాట్లెహోనే. దావా కూడా పులెంగ్ పేరు మీదే వేశారు.

"నొప్పులు పడకుండానే మీసాల కొడుకును కన్నానని నవ్వేదాన్ని అక్కా," అంది పులెంగ్.

"నోరు ముయ్యవే, ఎవరైనా వింటారు."

లాయరు మాకాట్లెహో వైపు వంగి నెమ్మదిగా చెప్పాడు. "ఏ దేశపు పద్ధతి పాటించాలో చట్టం బిగించి చెప్పలేదమ్మా. పోయినవాడికి ఎక్కడ బంధం గట్టిదో చూసి, జడ్జిగారే తేలుస్తారు. కన్నతల్లినని మీరు చెబితే గెలుస్తాం. కానీ కాగితాలు అబద్ధమని బయటపడుతుంది. లినేయోదీ నది అవతలే కదా. ఆమెకూ పిల్లలకూ ఈ దేశంలో నిలువనీడ ఆ కాగితాలే."

లోపల హాల్లో జడ్జిగారు కూడా వాళ్ల బసోతో జాతి స్త్రీయే. "అవతల అతనికి కన్నవాళ్లుంటే అక్కడి ఆచారమే పాటిస్తాను. ఎవరైనా ఉన్నారా?"

పులెంగ్ అక్క వైపు చూసింది. జడ్జిగారి చూపు మాకాట్లెహో కప్పుకున్న అవతలి దేశపు దుప్పటి మీద ఆగింది.

"మీ పేరేమిటమ్మా?"

"మాకాట్లెహో."

తొలిబిడ్డ పేరుకు ముందు 'మా' చేరిస్తే తల్లి పేరవుతుందని ఆ హాల్లో తెలియనివారు లేరు. లినేయో ఒళ్లోని పిల్లను దగ్గరికి హత్తుకుంది.

"అతను మీకేమవుతాడు?"

"చెల్లెలి కొడుకు."

జడ్జిగారు ఇంకేదో అడగబోయారు. లినేయో వైపు, పిల్ల వైపు చూశారు. కలం మూత పెట్టారు.

"అవతల గట్టి బంధమేదీ కనబడలేదు. ఖననం వెల్కమ్‌లోనే."

అడగకుండా ఆగడం దయేనని మాకాట్లెహోకు తెలిసింది. దానికి దణ్ణం పెట్టాలో ఏడవాలో తెలియలేదు.

లినేయో ఇంట్లో, ఆచారం ప్రకారం, బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూర్చోవడానికి నేల మీద పరుపు వేశారు. పులెంగ్‌ను కూర్చోబెట్టారు. గని ఆఫీసువాళ్లు వచ్చి, "మీ అబ్బాయి చాలా మంచివాడమ్మా," అన్నారు. పులెంగ్ తల దించుకుని, పక్కకు జరిగి చోటిచ్చింది.

"రా అక్కా."

మాకాట్లెహో టీ పళ్లెం పట్టుకుని నిలబడే ఉంది.

"అందరికీ అందిందా?" అని అడిగింది.