అరాచకం అంటే ఏమిటి?

మధ్యాహ్నం తన పార్లర్‌లో ఆమె ఒక కస్టమర్ జుట్టుకు రంగు వేస్తుండగా వచ్చారు పోలీసులు. "మీ అన్నయ్య విషయం. ఒకసారి స్టేషన్‌కి రావాలి" అన్నారు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. చేతికున్న గ్లోవ్స్ తీయాలన్న ధ్యాస కూడా లేకుండా జీపెక్కింది.

అన్నయ్య కాలేజీలో భాషాపాఠాలు చెప్పే మాస్టారు. మాటల దగ్గర మహా పట్టింపు మనిషి. పొద్దున క్లాసులో "మనకు కావాల్సింది అరాచకమే" అన్నాడట. ఎవరో ఫోన్లో రికార్డు చేసి పంపారు. ఆ వారమే ఊళ్ళో బస్సులు తగలబడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ ఆ ముక్క వినిపించాడు. "ఇంట్లో కూడా ఈ మాట వాడతాడా? ఏ అర్థంతో?"

అర్థం ఆమెకు తెలుసు. అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో! ఒకరి మీద ఒకరి పెత్తనం లేకుండా మనుషులు తమలో తాము సర్దుకుని బతకడం. "తగలబెట్టడం కాదే, ఆ అర్థం పెత్తందార్లు అంటగట్టింది" అనేవాడు. కానీ ఆ మాట ఈ గదిలో, ఆ గోడకు ఆనించిన లాఠీ ముందు అంటే?

"బాగుందని సార్. అదిరిందన్నట్టు. సినిమా అరాచకం, కటింగ్ అరాచకం అంటాం కదా. పిల్లలతో పిల్లల భాషలో మాట్లాడతాడు."

ఇన్‌స్పెక్టర్ ఆమె మొహంలోకి చూశాడు. "మా అమ్మాయీ అంటుందిలే. ఆయన్నే అడుగుదాం. ఇద్దరి మాటా ఒకటి కాకపోతే ఇద్దరూ ఇక్కడే. నువ్వు నోరెత్తావో, జాగ్రత్త!"

అన్నయ్యను తీసుకొచ్చారు. చొక్కా గుండీలు ఊడాయి. కళ్ళజోడు లేదు.

"మీ చెల్లెలు అర్థం చెప్పింది. ఇప్పుడు మీరు చెప్పండి."

ఆమె అన్నయ్య వైపే చూసింది. కటింగ్ కుదిరిందని తను 'అరాచకం' అన్నప్పుడల్లా "మాటను చంపకే తల్లీ" అని కస్సుమనే మనిషి. తను అదే చెప్పి ఉంటుందని అతనికి తడుతుందా? తట్టినా, ఆ నోటితో అంటాడా?

అతను కళ్ళు చికిలించి ఆమె వైపు చూశాడు. మొహం ఆనిందో లేదో. చూపు రంగు మరకల గ్లోవ్స్ దగ్గర ఆగింది.

"బాగుందని సార్," అన్నాడు మెల్లగా. "అదిరిందని. మా చెల్లి దగ్గర అంటుకుంది ఈ అలవాటు."

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "దీనికా మా పైవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు! పొండి. ఇకమీద పాఠం వరకే చెప్పండి."

ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు.

"కళ్ళజోడు అడిగొద్దామా?"

"వద్దే. పోతే పోయింది."

చూపు ఆనని అన్నను చెయ్యి పట్టుకుని నడిపించింది. బండి చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ ఆగిపోయారు.

మర్నాడు అతను కాలేజీకి వెళ్ళాడు. ఆమె పార్లర్‌లో తలుపు తెరుచుకున్నప్పుడల్లా కత్తెర ఆపింది. సాయంత్రం అతను ఇంటికి రాగానే ఎదురెళ్ళింది.

"పిల్లలు అడిగారా?"

"అడిగారు. చెప్పాను."

"ఏ అర్థం?"

"దానికున్న అర్థమే."

"నీకేమైనా బుద్ధుందా అన్నయ్యా? మళ్ళీ ఎవడైనా రికార్డు చేసుంటే?"

"చేసుంటే చేసుంటారు." అతను చెప్పులు విడిచాడు. "నాకూ భయంగానే ఉందే. అన్నం పెట్టు."

ఆమె గడియ వేసి వచ్చి, అన్నం వడ్డించింది.