పుట్టుమచ్చ పెట్టిన చెయ్యి

సాయంత్రం గాజు బండి వచ్చేలోగా ఆమె చేయవలసిన పనులు ఇవి: అరల్లో ఉన్న నెగటివ్ పలకలన్నీ కిందికి దించడం. ఎవరైనా వచ్చి అడుగుతారనిపించిన పెళ్ళి ఫోటోల పలకలు విడిగా పెట్టడం. మిగిలినవి వేడి సోడా నీళ్ళలో నానబెట్టి, పూత గీకి, ఉత్త గాజు చేయడం. నాన్న కెమెరాకి గుడ్డ చుట్టడం. అన్నయ్యకి భోజనం పెట్టడం. గాజు కోసేవాడు వస్తే అతన్ని ఏమీ అడగకుండా ఉండడం.

ఆ చివరిది ఒక్కటీ తప్ప మిగతావన్నీ తనవల్ల అవుతాయనుకుంది.

నాన్న పోయాక స్టూడియో నడవలేదు. పెద్ద వీధిలో కరెంటు దీపాల స్టూడియో వచ్చాక జనం అటే పోయారు. గాజు పలకల కాలం అయిపోయింది, ఫిల్ము చుట్టల కాలం వచ్చింది. అన్నయ్య మేడ అమ్మేశాడు. పలకల్ని ఒక గాజు వ్యాపారి తీసుకుంటానన్నాడు. కడిగితే కిటికీ అద్దాలకి పనికొస్తాయట. నిన్న ఆ వ్యాపారి సరుకు చూసుకోవడానికి వచ్చాడు. వెనకాలే గాజు కోసే మనిషిని తెచ్చుకున్నాడు. ఆ మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతూ తలెత్తేసరికి ఆమె గుర్తుపట్టింది.

పదిహేనేళ్ళ క్రితం అతను ఇక్కడే, ఈ ఉత్తరపు కిటికీ కిందే, ఆమె నాన్న దగ్గర టచింగ్ పని చేసేవాడు. నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో, చాకు మొనతో ముఖాలు దిద్దడమే ఆ పని. ఆమెకి నేర్పింది అతనే. ఇద్దరి పెళ్ళికి ముహూర్తం కూడా పెట్టారు. ఆ వారంలోనే ముఖం చాటేశాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడంతో ఊరంతా తలో మాటా అంది.

నిన్న అతను అన్నది ఒక్కటే మాట: "ఆ కింది అర మాత్రం కడక్కుండా ఉంచగలరా?"

మీరట! ఒకప్పుడు మొండిఘటం అని పిలిచిన నోటితో.

అప్పట్నించీ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. సోడా నీళ్ళు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. అవి సగం ఇగిరిపోయాయి. మళ్ళీ పోసింది. పై అర దించబోయి, సగంలో వదిలేసి, కింది అర ముందు చతికిలబడింది. ఒక్కో పలకా తీసి కిటికీకి అడ్డంగా పట్టుకుంది. పసిపిల్లలు, గుమాస్తాలు, జమీందారు గారి గుర్రం. అన్నిటికీ వెనక, పాత గుడ్డలో చుట్టి, మిల్లు సమ్మె నాటి ఫోటో.

అందరికీ తెలిసిన సంగతే. తెల్లదొరల హయాంలో, అతను వెళ్ళిపోవడానికి కొద్ది రోజుల ముందు, నూలు మిల్లు కూలీలు సమ్మె చేసి, గుర్తుగా గేటు ముందు నిలబడి ఫోటో తీయించుకున్నారు. మర్నాడు గేటు తగలబడింది. ముందు వరసలో జెండా పట్టుకున్నవాణ్ణి పట్టుకోవాలని పోలీసులు ఈ స్టూడియోకే వచ్చి, తెల్లారేసరికి ఆ ముఖం పెద్దగా అచ్చు వేసి ఇమ్మన్నారు. జెండా పట్టుకున్నది ఆమె అన్నయ్య.

కానీ పోలీసులు పట్టుకుపోయింది మిల్లులో తూకాలాయన్ని. ఏదో పొరపాటు, అన్నయ్య అదృష్టం అనుకుంది ఆమె. ఆ తూకాలాయన జైల్లోనే పోయాడు.

ఆమె పలకని వెలుగుకి దగ్గరగా తెచ్చింది. అన్నయ్య చెంప మీద సూదిమొనంత చోట పూత గీకి ఉంది. నెగటివ్‌లో గీకిన చోటు అచ్చులో నల్లగా పడుతుంది. అంటే పుట్టుమచ్చ. టచింగ్ చేసేవాళ్ళు పుట్టుమచ్చలు తీసేస్తారు గానీ, ఎక్కడైనా పెడతారా? అందులోనూ ఆ గీతలు ఎడంచేతి వాటంగా పడ్డాయి. స్టూడియోలో ఎడంచేతివాడు అతనొక్కడే.

ఎండలో పెడితే తనంతట తానే నల్లబడే కాగితం ముక్క ఒకటి మిగిలి ఉంది. చట్రంలో పలక, దాని కింద కాగితం బిగించి, కిటికీ గట్టు మీద పెట్టింది. కూర్చోలేకపోయింది. కెమెరాకి గుడ్డ చుట్టింది, విప్పింది. వచ్చి చట్రం మూల ఎత్తి చూసింది. ముందు కనుబొమలు వచ్చాయి, దట్టంగా. తర్వాత మీసం. తర్వాత చెంప మీద మచ్చ.

ఆ ముఖం అన్నయ్యది కాదు. తూకాలాయనది.

మధ్యాహ్నం అన్నయ్య వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. ఇప్పుడతను మిల్లు కార్మికుల సంఘానికి పెద్ద. విస్తరి పక్కనే ఆమె ఆ అచ్చు పెట్టింది.

"ఇదేంటి, అన్నంలోకి ఫోటో వడ్డిస్తున్నావు?" అని నవ్వబోయి, చూసి, ఆగిపోయాడు.

"నీకు తెలుసా అన్నయ్యా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆయన్ని పట్టుకెళ్ళిన రోజు నించే. నేను వెళ్ళి ఒప్పుకుంటానన్నాను. నాన్న నా కాళ్ళు పట్టుకున్నాడు. కన్నతండ్రి కాళ్ళు పట్టుకుంటే ఏం చెయ్యను చెప్పు? విచారణ జరిగితే వదిలేస్తార్లే అనుకున్నాం. వదల్లేదు. ఆయన పోయాక ఒప్పుకుని ఎవరికి లాభం?"

"నాకుండేది," అంది ఆమె. "అతను నన్ను కాదనుకునే వెళ్ళిపోయాడని ఇన్నేళ్ళూ ఏడ్చాను. నువ్వు నా ఎదురుగా కూర్చుని తింటూనే ఉన్నావు."

అన్నయ్య చెయ్యి కడిగేసుకున్నాడు. "ఆ పలక సోడా నీళ్ళలో పడెయ్యమ్మా. నలుగురూ నన్ను నమ్ముతున్నారు ఇప్పుడు. ఇది బయటికొస్తే ఈ ఊళ్ళో తలెత్తుకోలేను."

పొయ్యి మీద సోడా నీళ్ళు కుతకుతలాడుతూనే ఉన్నాయి.

బండికంటే ముందే అతను వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె ఒడిలో ఉన్న పలక చూసి, అడగాల్సింది ఏమీ లేదని గ్రహించాడు.

"కావాలనే ఆయన ముఖం పెట్టారా?" అంది.

"లేదు. ఒట్టు. మీ అన్నయ్య ఆనవాలు పట్టకూడదు, అంతే అనుకున్నాను. ఎవరిదీ కాని ముఖం చేస్తున్నాననుకున్నాను. రోజూ మిల్లు గేటు దగ్గర చూసే ముఖం కదా, చెయ్యి దానంతటదే ఆ దారి పట్టింది. ఆయన్ని పట్టుకెళ్తుంటే చూసినప్పుడు తెలిసింది, నా చెయ్యి ఎవర్ని దిద్దిందో." అతను తన ఎడంచేతిని చూసుకున్నాడు. "నిజం చెప్తే మీ అన్నయ్య పోతాడు. చెప్పకుండా నీ మెళ్ళో తాళి ఎలా కట్టను? నాకు ముఖం చెల్లలేదు."

మీరు పోయి నువ్వు వచ్చింది. ఇద్దరూ విన్నారు.

"నాతో ఒక్క మాట అనుంటే?"

"అనుంటే నువ్వు మోసేదానివి. నీ సంగతి నాకు తెలీదూ?"

"ఇన్నేళ్ళూ మోసింది పువ్వులనుకున్నావా?" అంది ఆమె. "ఇప్పుడెందుకొచ్చావు? దీని కోసమా, నా కోసమా?"

"రెండూ. ముందు అది." కళ్ళు దించుకున్నాడు. "తూకాలాయన కూతురు మిల్లు వెనక ఇళ్ళల్లో ఉంటోంది. ఆమెకి నాన్న ముఖం తెలీదు. అప్పటికి చంటిపిల్ల. ఆయన ఫోటో లోకంలో ఎక్కడా లేదు, ఇది తప్ప."

ఆమె లేచి పొయ్యి ఆర్పింది. అచ్చు ఇంకా నల్లబడిపోకుండా హైపో ఉప్పు నీళ్ళలో ముంచి, కడిగి, తడి ఆరకముందే గుడ్డలో పెట్టుకుంది. పలకని అతని చేతికిచ్చింది. ఎడంచేతికే ఇచ్చింది. మెట్ల కింద అన్నయ్య నిలబడి ఉన్నాడు. అడ్డం రాలేదు, తోడూ రాలేదు. "మళ్ళీ ఈ గడప..." అని మొదలుపెట్టి, గడప అమ్మేశానని గుర్తొచ్చి కాబోలు, ఆగిపోయాడు.

తూకాలాయన కూతురు కుట్టుమిషను మీద నించి లేవకుండానే అంతా విన్నది. దాచకుండా చెప్పారు, అన్నయ్య పేరుతో సహా. అరుస్తుందనుకున్నారు, కొడుతుందనుకున్నారు. ఆమె ఫోటో ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నోరు మూసుకుని ఉన్నాడే," అంది చివరికి. "మా అమ్మ చెప్పేది, ఆయన నోరు మూతపడేదే కాదట."

ఆ తర్వాత, "మీరింక వెళ్ళండి. రేపు రండి. ఇవాళ మీ ముఖాలు చూళ్ళేను," అంది.

వెళ్ళారు. మర్నాడు మళ్ళీ వచ్చారు, ఇద్దరూ కలిసే. వాళ్ళ పెళ్ళి సంగతి మీరు ఎలాగైనా ఊహించుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ తూకాలాయన్ని మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి. పత్తి బేళ్ళు తూస్తూ, తూకంలో మోసం లేదని అవతలి గేటు దాకా వినబడేలా, అంకెల్ని రాగం తీసి పాడేవాడు. ఫోటోలో ఉన్న ఆ మూసుకున్న నోరు ఆయనది కాదు.